యూరియా పొలానికి సరే, మేకకో?

యూరియా అనగానే మీకు ఏం గుర్తుకు వస్తుంది? తెల్లని గుళికలు, వరి మడి, బొక్కెన చంకన పెట్టుకుని చల్లుకుంటూ పోయే రైతు. అంతే కదా! అదే యూరియాను పాలిచ్చే మేకకు దాణాలో కలిపి పెడతారనీ, మేక సకాలంలో ఎదకు వచ్చి పిల్లల్ని పెట్టడానికి అది సాయపడుతుందనీ చెబితే నమ్ముతారా? అదే యూరియా అదే మేకను గంట లోపల చంపగలదని కూడా చెబితే?

నేను ఈ రెండో సంగతిని ముందు చూశాను. మొదటిది తరువాత తెలుసుకున్నాను.

కొన్నేళ్ళ కిందట మా తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు వారం రోజులు బడికి రాలేదు. వచ్చిన రోజు తల వంచుకుని కూర్చున్నాడు. ఏమైందిరా అని అడిగితే, ఇంట్లో రెండు పాల మేకలు ఒకే పూట చచ్చిపోయాయన్నాడు. వాళ్ళకు ఉన్నవే మూడు. ఆ వేసవిలో ఎండిన జొన్న చొప్ప తప్ప మరేమీ దొరకక మేకలు చిక్కిపోయాయి. ఏడాది దాటినా ఎదకు రాలేదు. ఎదకు రాకపోతే చూడి కట్టేదెక్కడ, ఈనేదెక్కడ? ఈనకపోతే పాలూ లేవు. యూరియా పెడితే ఎదకు వస్తాయని ఎవరో అనగా విని, వాళ్ళ నాన్న కుడితి తొట్టిలో నాలుగు గుప్పెళ్ళ యూరియా వేసి కలిపాడు. దప్పిక మీద ఉన్న మేకలు గటగటా తాగాయి. అరగంటకల్లా కడుపు ఉబ్బి, నోట నురగ వచ్చి, కాళ్ళు వణికి పడిపోయాయి. పశువుల డాక్టరు గారు వచ్చేసరికి రెండు పోయాయి. ఆలస్యంగా వచ్చి కొంచెమే తాగిన మూడోది మిగిలింది.

"సార్, వరికి బలమైంది మేకకు విషం ఎట్లయింది?" అని అడిగాడు వాడు. "దాణాలో యూరియా కలిపే మాట నిజమేనని డాక్టరు గారు కూడా అన్నారు. మరి అదెట్లా?"

ఆ రోజు నేను జవాబు చెప్పలేకపోయాను. బి.ఇడి.లో మాకు ఇది చెప్పలేదు మరి! పుస్తకాలు తిరగేసీ, డాక్టరు గారి దగ్గర కూర్చునీ తెలుసుకున్నదే ఇప్పుడు మీకు చెబుతున్నాను.

మేక పొట్టలో ఊరు

కండ, రక్తం, పాలు, కడుపులో పెరిగే పిల్ల - అన్నీ మాంసకృత్తులతోనే తయారు కావాలి. మాంసకృత్తులకు నత్రజని కావాలి. గాలిలో నూటికి 78 పాళ్ళు నత్రజనే అయినా మనమూ, మేకా దానిని పీల్చి వదిలెయ్యడమే తప్ప వాడుకోలేము. తినే తిండిలోంచే రావాలి. మనమైతే పప్పు, గుడ్డు, పాలు తిని అందులోని మాంసకృత్తులను విడగొట్టుకుని వాడుకుంటాం. పనికిరాని నత్రజనిని యూరియాగా మార్చి మూత్రంలో పారబోస్తాం. మన శరీరం చెత్త కింద బయటికి పంపేదాన్ని మేక తిండిగా ఎలా వాడుకుంటుంది?

ఇక్కడే ఉంది కిటుకు. యూరియాను తినేది మేక కాదు. మేక పొట్టలో నాలుగు గదులున్నాయని మీరు చదువుకున్నారు. వాటిలో మొదటిది, అన్నింటికన్నా పెద్దది రూమెన్. దాన్ని మనం పెద్ద పొట్ట అందాం. గాలి చొరని, వెచ్చని, చీకటి తొట్టి అది. అందులోని ద్రవం ఒక్క మిల్లీలీటరు తీసుకుంటే సుమారు వెయ్యి కోట్ల బాక్టీరియాలు ఉంటాయి. ప్రోటోజోవాలు, శిలీంధ్రాలు అదనం. గడ్డిలోని సెల్యులోజును మేక జీర్ణం చేసుకోలేదు. ఆ పని ఈ సూక్ష్మజీవులది. అవి యూరియేజ్ అనే ఎంజైముతో యూరియాను అమ్మోనియాగా విడగొడతాయి. ఆ అమ్మోనియానూ, గడ్డి పులియగా వచ్చిన శక్తినీ, కార్బన్‌నూ కలుపుకుని అమైనో ఆమ్లాలు తయారు చేసుకుని పెరుగుతాయి, రెండవుతాయి, నాలుగవుతాయి. తరువాత తిండితోబాటు నాలుగో గదిలోకి జారి అక్కడ తామే జీర్ణమైపోతాయి. అంటే మేక గడ్డి మేసి, తన పొట్టలో ఒక మందను పెంచుకుని, ఆ మందనే తింటుందన్నమాట! మేకను శాకాహారి అనాలా అని మా తరగతిలో ఒకమ్మాయి అడిగింది. మంచి ప్రశ్నే.

ఒక చిన్న లెక్క చేద్దాం. మాంసకృత్తులలో సగటున నూటికి 16 పాళ్ళు నత్రజని. కాబట్టి ఒక గ్రాము నత్రజని 6.25 గ్రాముల మాంసకృత్తులకు సరిపోతుంది. యూరియాలో నూటికి 46 పాళ్ళు నత్రజని. 46ను 6.25తో హెచ్చించండి. 287.5 వస్తుంది. అంటే 100 గ్రాముల యూరియా 287 గ్రాముల మాంసకృత్తులకు సమానం! అదే 100 గ్రాముల వేరుశెనగ చెక్కలో మాంసకృత్తులు 40 గ్రాముల పైచిలుకు, ఎండు వరిగడ్డిలో 3, 4 గ్రాములు. లెక్కలో తప్పేమీ లేదు. కానీ యూరియా ఇచ్చేది నత్రజనిని మాత్రమే. ఇల్లు కట్టడానికి ఇసుక బండెడు తోలి, సిమెంటూ ఇటుకలూ తేకపోతే గోడ లేస్తుందా? మిగతా సరుకు గడ్డీ గింజా ఇవ్వాలి. ఈ ముక్క గుర్తుంచుకోండి, ముందు ముందు దీనితో పని ఉంది.

సూక్ష్మజీవులు ఈ పని చేస్తాయని 1891లోనే జర్మనీ శాస్త్రజ్ఞుడు జుంట్జ్ ఊహించాడు. దాన్ని చివరి దాకా పరీక్షించినవాడు ఫిన్లాండుకు చెందిన వర్తనెన్. పశువుల మేతను నిలవచేసే పద్ధతి కనిపెట్టినందుకు 1945లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన ఆయన, 1960ల్లో ఆవులకు మాంసకృత్తులు లేని మేత పెట్టాడు. శుద్ధి చేసిన సెల్యులోజు, గంజిపిండి, చక్కెర, లవణాలు, విటమిన్లు. నత్రజని కోసం యూరియా, అమ్మోనియం లవణాలు. అంతే! ఆ ఆవులు పాలిచ్చాయి, దూడలు వేశాయి. 1966లో ఈ ఫలితాలు ప్రచురించాడు.

కుడితి తొట్టిలో ఏం జరిగింది?

మరి మా కుర్రవాడి మేకలు ఎందుకు చచ్చిపోయాయి? మూడు పొరపాట్లు ఒకేసారి జరిగాయి.

యూరియా నీళ్ళలో ఇట్టే కరుగుతుంది. తొట్టిలో తాగితే మొత్తం ఒక్క గుక్కలో పెద్ద పొట్టలోకి చేరుతుంది. యూరియేజ్ దాన్ని గంటలోపే అమ్మోనియాగా మార్చేస్తుంది. ఎండు చొప్ప మాత్రం నిదానంగా, గంటల తరబడి పులిసి శక్తి ఇస్తుంది. ఆ శక్తి అందేలోపు అమ్మోనియా ఉప్పెనలా పైబడింది. పైగా ఆ మేకలు అంతకుముందు ఎన్నడూ యూరియా ఎరగవు, వాటి పొట్టలోని సూక్ష్మజీవులకు అలవాటు లేదు. అందులోనూ ఆకలితో ఉన్నాయి.

అమ్మోనియా క్షారమని మీకు తెలుసు. ఆమ్లం ఉన్నచోట అది ఒక హైడ్రోజన్ అయానును పట్టుకుని అమ్మోనియం అయానుగా మారుతుంది. అమ్మోనియం అయాను పొట్ట గోడను సులభంగా దాటలేదు. ఉత్త అమ్మోనియా దాటగలదు. అమ్మోనియా పెరిగినకొద్దీ పొట్టలోని ఆమ్లత్వం తగ్గుతుంది, ఆమ్లత్వం తగ్గినకొద్దీ ఉత్త అమ్మోనియా మరింత పెరిగి రక్తంలోకి తోసుకుపోతుంది. మామూలుగా అయితే కాలేయం దాన్ని మళ్ళీ యూరియాగా మార్చేస్తుంది. ఒక్కసారిగా ఇంత వస్తే కాలేయానికీ చేతకాదు. అమ్మోనియా మెదడును చేరుతుంది. వణుకు, ఫిట్స్, మరణం.

డాక్టరు గారు మిగిలిన మేక చేత చల్లని నీళ్ళూ వెనిగరూ కలిపి తాగించారు. ఎందుకో మీరే చెప్పగలరు. వెనిగరులోని ఎసిటిక్ ఆమ్లం అమ్మోనియాను అమ్మోనియం అయానుగా మార్చి గోడ దాటకుండా ఆపుతుంది. చల్లని నీరు యూరియేజ్ వేగాన్ని తగ్గిస్తుంది. మీరు పరీక్షనాళికలో చేసే తటస్థీకరణ చర్యే ఆ రోజు ఒక ప్రాణం నిలబెట్టింది.

అలవాటు లేని పశువుకు ఒకేసారి శరీరం బరువులో కిలోకు అర గ్రాము యూరియా ఇస్తేనే ప్రమాదం మొదలవుతుంది. ఒకటి, ఒకటిన్నర గ్రాములు ప్రాణాంతకం. 35 కిలోల మేకకు 17 గ్రాములంటే అపాయం, 50 గ్రాములంటే చావు. ఒక గుప్పెడే 50 గ్రాములు దాటుతుంది.

ఎదకు, యూరియాకు లంకె

తెలుగులో 'కడుపు' అంటే తిన్నది చేరే చోటు, పిల్ల పెరిగే చోటు కూడా. రెండింటికీ ఒకే మాట పెట్టిన మన పెద్దలకు రూమెన్ గురించి తెలియకపోవచ్చు గాని మేకల గురించి తెలుసు. మొదటి కడుపు పనిచేయకపోతే రెండోది పనిచేయదు.

మేతలో మాంసకృత్తులు నూటికి 7 పాళ్ళ కన్నా తగ్గితే సూక్ష్మజీవులకు నత్రజని చాలదు. అవి తగ్గిపోతే గడ్డి అరగదు. అరగని గడ్డి పొట్టలో నిండి ఉంటే మేక కొత్తగా మేయదు. చుట్టూ చొప్ప ఉన్నా మేక చిక్కిపోవడానికి కారణం ఇదే. మాంసకృత్తులు తక్కువై మొదలైన కరువు శక్తి కరువుగా మారుతుంది. ఇక్కడ కొంచెం నత్రజని అందించండి: సూక్ష్మజీవులు పెరుగుతాయి, అదే చొప్ప త్వరగా అరుగుతుంది, మేక ఎక్కువ మేస్తుంది. యూరియా చేసే అసలు ఉపకారం ఇది. ఎండుగడ్డి మేసే మేకకే ఇది పనికి వస్తుంది. పచ్చని పప్పుజాతి ఆకులు మేసే మేకకు యూరియాతో పని లేదు.

ఇప్పుడు మెదడు దగ్గరికి రండి. మేక 21 రోజులకొకసారి ఎదకు వస్తుంది. ఎద ఒకటి రెండు రోజులుంటుంది. ఎదకు ముందు మెదడులోని హైపోథాలమస్ సంకేతం పంపితే, పీయూష గ్రంథి ఎల్.హెచ్. అనే హార్మోనును విడతలు విడతలుగా, సుమారు గంటకొకసారి రక్తంలోకి వదలాలి. ఆ విడతలు దగ్గర దగ్గరగా వస్తేనే అండాశయంలో అండం పక్వమై విడుదలవుతుంది. హైపోథాలమస్ మాత్రం ఇంటి ఖర్చు చూసే అమ్మలాంటిది. రక్తంలో గ్లూకోజు ఎంత, ఇన్సులిన్ ఎంత, ఒంట్లో కొవ్వు ఎంత అని చూసుకుంటుంది. చేతిలో లేనప్పుడు పెళ్ళి వాయిదా వేస్తుంది! ఎల్.హెచ్. విడతలు పలచబడతాయి, ఎద ఆగిపోతుంది. బతికి బయటపడడం ముందు, పిల్లలు తరువాత. దీన్ని జబ్బు అనుకోకూడదు, శరీరం చూపే జాగ్రత్త ఇది. కానీ ఆ మేక పాల మీద బతికే ఇంటికి అది నష్టమే. మేకపోతు సంగతీ ఇంతే. మేత తగ్గితే వృషణాలు చిన్నబోతాయి.

చిక్కిన మేకకు పోతుతో దాటించడానికి రెండు మూడు వారాల ముందు నుంచి మంచి మేత పెడితే ఎదకు రావడమే కాదు, ఒకటికి రెండు అండాలు విడుదలై కవలలు పుట్టే అవకాశం పెరుగుతుంది. దీనికి ఒక చక్కని ఉదాహరణ చాలా దూరాన ఉంది. మెక్సికో ఉత్తరాన టొర్రియోన్ నగరం చుట్టూ లగునా అనే ప్రాంతం ఉంది. మన అనంతపురం కన్నా తక్కువ వాన పడే చోటు. అక్కడి మేకలు ముళ్ళ పొదల్లో మేసి పాలిస్తాయి. పగటిపొద్దు ఎక్కువగా ఉండే కాలంలో, అంటే మార్చి నుంచి ఆగస్టు దాకా, అవి ఎదకు రావు. అప్పుడు చురుకైన మేకపోతును మందలో వదిలితే మాత్రం వాటిలో ఎద మొదలవుతుంది. ఆ పోతును వదలడానికి ముందు వారం రోజులు మేకలకు ఇంటికి వచ్చాక లూసర్న్ ఎండుగడ్డి, మొక్కజొన్న, సోయా గింజలు అదనంగా పెట్టి చూశారు. ఇలాంటి ప్రయోగాల్లో విడుదలయ్యే అండాల సంఖ్య పెరిగింది. చూడి నిలిచిన మేకలూ పెరిగాయి. గమనించారా, వాళ్ళు లూసర్న్, సోయాలతో నత్రజనిని, మొక్కజొన్నతో శక్తిని కలిపి ఇచ్చారు. ఇసుకా, ఇటుకా రెండూ అన్నమాట.

ఎక్కువైతే?

నత్రజని మంచిదని తేలింది కదా, మరింత పెడితే మరిన్ని పిల్లలా? కాదు. ఇక్కడ మేక చావదు, నురగ కక్కదు, హాయిగా తిరుగుతుంది, పాలు కూడా బాగానే ఇస్తుంది. చూడి మాత్రం నిలవదు. దాటించిన మూడు వారాలకు మళ్ళీ ఎదకు వస్తుంది. దీన్ని తిరగపొర్లడం అంటారు. కంటికి కనబడని నష్టం కాబట్టి నాకు ఇదే ఎక్కువ ప్రమాదకరం అనిపిస్తుంది.

ఎందుకిలా అవుతుంది? అండం ఫలదీకరణ చెందాక నాలుగైదు రోజులకు పిండం గర్భాశయంలోకి దిగుతుంది. దిగిన వెంటనే గోడకు అంటుకోదు. దాదాపు రెండు వారాల పాటు గర్భాశయంలోని ద్రవంలో తేలుతూ అందులోని ఆహారంతోనే బతుకుతుంది. యూరియా అణువు చిన్నది. రక్తంలో ఎంత ఉంటే పాలలోనూ, ఈ ద్రవంలోనూ ఇంచుమించు అంతే చేరుతుంది. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో 1993లో ప్రచురించిన ప్రయోగంలో పెయ్యలకు పెద్ద పొట్టలో త్వరగా విడిపోయే మాంసకృత్తులు అవసరానికి మించి పెట్టారు. మామూలు మేత మేసినవాటిలో మొదటిసారికే నూటికి 82 చూడి కట్టాయి. ఎక్కువ నత్రజని తిన్నవాటిలో నూటికి 61 మాత్రమే. ఎద తరువాత వారానికి వాటి గర్భాశయ ద్రవం పి.హెచ్. పెరగవలసినంత పెరగలేదు. బ్రిటన్‌లో గొర్రెలకు యూరియా అతిగా పెట్టి, 1997లో వెలువరించిన పరిశోధనలోనూ తొలి దశ పిండాలు దెబ్బతిన్నట్టు కనబడింది. ఆవుల్లో అయితే 100 మిల్లీలీటర్ల రక్తంలో యూరియా నత్రజని 19, 20 మిల్లీగ్రాములు దాటితే చూడి నిలిచే అవకాశం తగ్గుతుంది. మేకల్లో ప్రయోగాల ఫలితాలు అన్నీ ఒక తీరుగా లేవు. యూరియా ఎంత, దానికి తోడు గింజ ఎంత, ఎన్నాళ్ళు అలవాటు చేశారు అన్నదాన్ని బట్టి మారుతున్నాయి. పాల డెయిరీలు కొన్ని దేశాలలో పాలలోని యూరియాను కొలిచి, మేతలో నత్రజని ఎక్కువైందో తక్కువైందో రైతుకు చెబుతున్నాయి. రక్తం తీయనక్కర్లేదు, చెంచాడు పాలు చాలు.

మరి ఎంత పెట్టాలి? మొత్తం ఎండు మేతలో యూరియా నూటికి ఒక పాలు మించకూడదు. రోజుకు ఒకటిన్నర కిలోల ఎండు మేత మేసే మేకకు 15 గ్రాములన్నమాట. ఇందాక 17 గ్రాములకే అపాయమన్నారు కదా సార్ అంటారేమో! అది అలవాటు లేని మేక ఒక్కసారిగా తాగితే. ఇది రెండు మూడు వారాలలో కొద్ది కొద్దిగా పెంచుకుంటూ వచ్చి, దాణాలో బాగా కలిపి, రోజంతా కొంచెం కొంచెంగా తినిపించేది. నీళ్ళలో కలపడం ఎన్నడూ కూడదు. ఈ నిదానం కోసమే రకరకాల ఉపాయాలు వచ్చాయి. గింజల పిండితో యూరియాను కలిపి వేడి మీద ఉడికించడం ఒకటి, గుళికల చుట్టూ మెల్లగా కరిగే పూత పూయడం ఒకటి. 1980ల్లో గుజరాత్‌లోని ఆనంద్‌లో జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ మన దేశానికి పరిచయం చేసిన యూరియా-మొలాసిస్ ఇటుక ఇంకొకటి. బెల్లపు మడ్డి, యూరియా, ఖనిజ లవణాలు కలిపి గట్టిగా చేసిన ఆ ఇటుకను పశువు నాకగలదే గాని కొరికి మింగలేదు. నాలుకే కొలత! ఇవి కూడా మీ అంతట మీరు ఇంట్లో చేసి చూడకండి. పశువుల డాక్టరును అడిగి చేయించాలి.

యూరియా జోలికి పోకుండానే నత్రజని ఇచ్చే చెట్లు మన చుట్టూనే ఉన్నాయి. అవిసె, సుబాబుల్, తుమ్మ - అన్నీ పప్పుజాతివే. వేళ్ళ బుడిపెలలోని బాక్టీరియాలు గాలిలోని నత్రజనిని వీటికి పట్టి ఇస్తాయి. సుబాబుల్‌లో మిమోసిన్ అనే విషం కొంచెం ఉంది. ఎక్కువ మేస్తే వెంట్రుకలు రాలతాయి. ఆస్ట్రేలియాలో పశువులు ఇలా బాధపడుతుంటే హవాయి దీవుల మేకలు మాత్రం హాయిగా మేస్తున్నాయని ఒక శాస్త్రజ్ఞుడు గమనించాడు. ఆ మేకల పొట్టలో ఆ విషాన్ని విరిచే బాక్టీరియాలు ఉన్నాయి. 1980ల్లో వాటిని తీసుకుపోయి ఆస్ట్రేలియా పశువుల పొట్టలో వేస్తే అవీ మేయసాగాయి.

మా కుర్రవాడి మూడో మేకకు డాక్టరు గారు రాసిందీ ఇదే: రోజూ రెండు పూటలా అవిసె ఆకు, గుప్పెడు వేరుశెనగ చెక్క, కాసిని జొన్నలు. యూరియా మాట ఎత్తలేదు. వానలు పడ్డ నెల తరువాత అది ఎదకు వచ్చింది. మొదటిసారి నిలవలేదు, రెండోసారి నిలిచింది. వాడు క్యాలెండరులో దాటించిన తేదీకి సున్నా చుట్టి లెక్కపెట్టుకుంటూ వచ్చాడు. మేక చూడి కాలం సుమారు 150 రోజులు. పిల్ల ఎదుగుదలలో చాలా భాగం చివరి 50 రోజుల్లోనే జరుగుతుందని నేను చెప్పాక, వాడు ఆ రోజుల్లో చెక్క ఇంకో గుప్పెడు పెంచాడు. 149వ రోజు తెల్లవారుజామున రెండు పిల్లలు, ఒక పోతు, ఒక పెంటి. ముర్రుపాలు కడుపారా తాగాయని బడికి వచ్చి చెప్పాడు.

"సార్, వీటికి ఎప్పటినుంచి యూరియా దాణా పెట్టొచ్చు?" అని అడిగాడు ఆ వెంటనే. మళ్ళీ యూరియానా అని నాకు నవ్వు వచ్చింది. పుట్టిన పిల్లకు పెద్ద పొట్ట పేరుకే ఉంటుంది. తాగిన పాలు దాన్ని తాకకుండా ఒక కాలువలాంటి మడత గుండా సరాసరి నాలుగో గదికి పోతాయి. తల్లి పక్కన ఆకూ గడ్డీ కొరకడం మొదలుపెట్టాకే సూక్ష్మజీవులు ఒక్కొక్కటిగా వచ్చి కాపురం పెడతాయి. అందుకే కనీసం ఆరు నెలలు నిండేదాకా వద్దని చెప్పాను. వాడు ఆ తేదీకి కూడా క్యాలెండరులో సున్నా చుట్టాడట.